ఒకటో నంబరు చీటీ

“ఒకటో నంబరు!”

తొమ్మిదో గది తలుపు దగ్గర నిలబడి అక్షిత పిలిచింది.

బెంచీ మీద మొదట కూర్చున్న ముసలాయన కదల్లేదు. భుజాన గొంగడి. చేతిలో చీటీ.

“తాతా, నీదే గదా ఒకటి?”

“నాకేం తొందర లేదు బిడ్డా. ముందుగాల గా పిల్లను చూడు.”

రోజూ ఇదే వరస. గది మూసేదాకా కూర్చుంటాడు. లోపలికి మాత్రం రాడు.

అక్షిత ఆ దవాఖానలో చేరి రెండు నెలలు. క్లినికల్ సైకాలజీ చదువుతానన్నప్పుడు వాళ్ల బాపు, “ఏండ్లకేండ్లు చదివి పిచ్చోళ్ల ముచ్చట్లు వింటవా?” అన్నాడు. అయినా చదివింది. హైదరాబాద్‌లో పెద్ద దవాఖాన రమ్మంటే పోలేదు. పుట్టింది రామన్నపేట పక్క పల్లెలో. అందుకే ఈ వైపుకే వచ్చింది.

సూపరింటెండెంట్ రఘుపతి మొదటిరోజే గడువు పెట్టాడు.

“మూడు నెలలు చూస్తాం. జనం రాకపోతే ఆ గదిలో సెలైన్ డబ్బాలు పెట్టుకుంటాం.”

కాలికి కట్టు కట్టించుకున్నవాడు ఊరంతా చూపించుకుంటాడు. తొమ్మిదో గదికి వచ్చేవాడు మొహానికి తువ్వాల చుట్టుకుంటాడు. మన జనం అంతే. అందుకే అక్షిత పేర్లు పిలవదు, నంబర్లే పిలుస్తుంది.

ఆయా అండాలు చెవిలో ఊదింది.

“గా బెంచీ మీది ముసలోడు, గొర్ల బక్కయ్యకు ఏ రోగం లేదమ్మా. పోయేటోళ్లను ఆపి ‘నేను గూడ గీ మనసు డాక్టరమ్మకే చూపెట్టుకుంటున్న, రా కూసో’ అని ఒకటే లొల్లి. నిన్ను ఎక్కిరిస్తుండు.”

ఆ వారమే రఘుపతి రిజిస్టరు తిరగేశాడు. “రోజూ ఒకటో నంబరు ఖాళీ! ఇదేం తమాషా?”

అక్షితకు మండింది. నేరుగా బెంచీ దగ్గరికి వెళ్లింది.

“తాతా, నీకేం బాధ?”

“ఏం లేదు.”

“నిద్ర పడుతుందా?”

“గొర్లు పంటే నేను పంట.”

“మరి రేపటి నుంచి రాకు. ఇది రోగుల బెంచీ. బస్టాండు కాదు.”

ఆయన చీటీని మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు.

“నీ ఇష్టం బిడ్డా.”

గొంగడి సర్దుకొని వెళ్లిపోయాడు.

మర్నాడు ఇద్దరు వచ్చారు. ఆ మర్నాడు ఒక్కడు. తర్వాత ఎవరూ లేరు.

జనం దవాఖానకు రాక కాదు. అక్షిత కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఒకడు గది ముందు మూడుసార్లు తిరిగి, చీటీ జేబులో దాచుకొని, పండ్ల డాక్టరు వరసలో నిలబడ్డాడు. ఒక తల్లి కూతురితో వచ్చి, ఖాళీ బెంచీని చూసి, నల్లా దగ్గర నీళ్లు తాగి వెళ్లిపోయింది.

గడువుకు పన్నెండు రోజులుందనగా ఎవరో వచ్చి గది కొలుచుకొని పోయారు.

ఆ శుక్రవారం మంజులత వచ్చింది. కాన్పు తర్వాత ఆరు నెలలు ఎవరితోనూ మాట్లాడని మనిషి. ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది. బెంచీ దగ్గర ఆగకుండా గదిలోకి దూరింది.

“గొంగడి తాత ఏడి మేడం?”

“నేనే రావద్దన్న.”

“అయ్యో! గట్లెందుకన్నరు? మొదటిరోజు నేను గేటు కాన్నుంచే మర్లిపోతుంటి. తాతనే పిలిచి పక్కకు కూసోవెట్టుకున్నడు. గంత పెద్దమనిషే సిగ్గువడకుండ కూసున్నడు, నాకేంది అనుకున్న.” చిన్నగా నవ్వింది. “ఆయన కంటె నేనే నయమనిపిచ్చింది.”

అక్షిత కిటికీలోంచి ఖాళీ బెంచీ వైపు చూసింది.

సోమవారం పొద్దున ఆమె వరసలో నిలబడి తన పేరు మీదే చీటీ రాయించుకుంది. తెల్లకోటు విప్పి అండాలు చేతికిచ్చింది. వెళ్లి బెంచీ మీద మొదట కూర్చుంది.

“గిదేంది? నీ గది ముంగట నువ్వే కూసుంటవా?”

“జాగ ఉన్నది. నువ్వు గూడ కూసో.”

అండాలు నవ్వింది. కాసేపటికి కూర్చుంది.

పావుగంటకు పండ్ల డాక్టరు వరసలోంచి ఆ మనిషి వచ్చాడు. బెంచీ చివర, నేల చూస్తూ కూర్చున్నాడు.

గడువు రోజున బెంచీ చాలక అండాలు రెండు స్టూళ్లు వేసింది. రఘుపతి చూశాడు. సెలైన్ డబ్బాలు మెట్ల కిందికి పోయాయి.

ఆ ఆదివారం అక్షిత బస్సెక్కి బక్కయ్య ఊరికి వెళ్లింది. తప్పయిందని చెప్పుకోవాలి.

దొడ్డి ఖాళీగా ఉంది. కోడలు మల్లిక ఊడుస్తోంది.

“మామ మందను తోలుకొని కిష్ణ ఒడ్డుకు పోయిండు. వానలు పడ్డంకనే వస్తడు.”

“ఏ బాధా లేని మనిషి మా దవాఖానకు ఎందుకొచ్చేటోడు అక్కా?”

“గొర్లు కొత్త దొడ్డిల దిగయి మేడం. మామనే ముందుగాల దిగి నడుమ కూసుంటడు. అప్పుడు ఒక్కొక్కటే దిగుతయి. మీ కాడ గూడ అంతేనట.”

లోపలికి వెళ్లి ఒక చీటీల కట్ట తెచ్చి ఇచ్చింది.

అన్నీ ఒకటో నంబర్లే. ఒక్కదాని మీదా బక్కయ్య పేరు లేదు. అన్నిటి మీదా జానమ్మ అనే ఉంది.

“జానమ్మ ఎవరు?”

“మా అత్త. పోయినేడు మీ దవాఖానకు జిల్లా నుంచి మనసు డాక్టరు మంగళారం మంగళారం వచ్చేది. నన్ను జర చూపెట్టుండ్రి అని బతిమిలాడి, చీటీ తీసుకొని గా బెంచీ మీద ఒక్కతే కూసున్నదట. డాక్టరు పిలువకముందే ఇంటికొచ్చింది. వారం దాటలే, బాయిల పడి పోయింది.”

“పిలవకముందే ఎందుకు లేచింది?”

మల్లిక చీపురు పక్కన పెట్టింది.

“అత్త లేవలే మేడం, నలుగురు చూస్తుండ్రని మామనే చెయ్యి వట్టి లేపి ఇంటికి తోలుకొచ్చిండు.”