కాళ్లుంటే చాలు

షావుకారు చేతిలో ఆరోజు ఉన్నవి ఇవి: ఒక అద్దెకొట్టు, వాడిన వీడియో గేములు రెండు అరలు, ఆడి చూపించడానికి ఒక టీవీ, దాని ముందు ఒక కుర్చీ. అట్టడుగున, పదిహేనేళ్ల నాటి బాస్కెట్‌బాల్ డిస్క్ ఒకటి.

క్రీడల ఆట ఆకుకూర లాంటిదని అతని లెక్క. ఏటా జట్లు మారతాయి, కొత్త డిస్క్ దిగుతుంది, పాతది వాడిపోతుంది.

ఒక గురువారం మధ్యాహ్నం, ఆ వాడిపోయిన దానికోసం ఒకాయన వచ్చాడు.

తలుపంత పొడుగు. చేతిలో ఊతకర్ర. లోపలికి రాబోతూ కర్రమీద వాలి, ఒక్కో కాలూ కష్టంగా పైకెత్తి, బూటు అడుగును అరచేత్తో తుడుచుకున్నాడు. ముందు ఎడమ, తర్వాత కుడి.

"అంత మర్యాద అక్కర్లేదు పెద్దాయనా. లోపలా దుమ్మే," అన్నాడు షావుకారు.

"అలవాటు బాబూ. ఆ కింద డిస్క్ ఒకసారి పెడతారా?"

"అదెందుకండీ? అందులో వాళ్లు చాలామంది ఆట మానేసి పొట్టలు పెంచుకుంటున్నారు. కొత్తది చూడండి. ముఖాలే కాదు, ఈసారి కదలికలు కూడా ఆ ఆటగాళ్లవే. పాతదాంట్లో ఎవడో ఒకడి చేత దూకించి, అది కెమెరాలో పట్టి, దాని మీద వీళ్లందరి ముఖాలు అతికించేవాళ్లు."

"ఎవడి చేత?"

"ఎవడైతేనేం? కాళ్లుంటే చాలు."

పెద్దాయన కర్ర వంక చూసుకుని నవ్వాడు.

"పాతదే పెట్టండి."

అప్పట్నుంచి ప్రతి గురువారం వచ్చేవాడు. కుర్చీలో కూర్చుని, రిమోట్ ఒళ్లో పెట్టుకుని, ఒక్క బటనూ నొక్కకుండా చూసేవాడు. సముద్రాన్ని మొదటిసారి చూస్తున్నవాడిలా ఉండేది ముఖం.

"నొక్కండి పెద్దాయనా. ఊరికే నిలబెడితే వాడికి కాళ్లు పీకుతాయి."

"నిలబడనివ్వండి బాబూ. చాలా పరిగెత్తాడు."

ఆయన వెళ్లాక, మూల కూర్చుని రిమోట్లు బాగుచేసే షావుకారు భార్య మూతి తిప్పింది.

"బేరం లేనివాడికి కుర్చీ ఒకటి. రేపు దిండు కూడా వేస్తారా ఏంటి?"

ఆ మాట నాటింది. తర్వాతి వారం షావుకారు నసిగాడు.

"ఇంటికి పట్టుకెళ్లి తీరిగ్గా చూసుకోండి. మీరు ఇచ్చిందే ధర."

"ఇంట్లో మెషిన్ లేదు బాబూ. గురువారం ఇది చూస్తే మళ్లీ గురువారం దాకా నడుస్తాను. అంతే నా బేరం."

ముసలాయన చమత్కారం అనుకున్నాడు షావుకారు.

ఆ పై గురువారం ఇంకో కొత్త ఆట డిస్క్ దిగింది. కొట్టు కిటకిటలాడుతోంది. గుమ్మంలో పొడుగాయన కర్రమీద వాలి, రెండో కాలు తుడుచుకుంటున్నాడు.

"ఇవాళ టీవీ ఖాళీ లేదు పెద్దాయనా. వచ్చే వారం చూద్దాం."

"అయిదు నిమిషాలు చాలు బాబూ."

"ఆడే ఆటకే చోటు లేదు. ఆడని ఆటకి ఎక్కణ్ణుంచి తేను?"

పెద్దాయన తలూపాడు. లోపల పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

వచ్చే వారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

"మీ పొడుగాయనా?" అన్నాడు పక్కన మందులషాపు అతను. "మంచం పట్టాడట. మోకాళ్లు పూర్తిగా పోయాయి. చెల్లెలు వచ్చి వాళ్ల ఊరు తీసుకెళ్లింది."

"ఏ ఊరు?"

"మందుల చీటీ మీద ఊరు రాయరు కదా గురూ."

ఆ మధ్యాహ్నం షావుకారు పాత డిస్క్ తీసి పెట్టాడు. కుర్చీలో కూర్చుని, రిమోట్ ఒళ్లో పెట్టుకున్నాడు. బటన్ నొక్కకుండా ఏ ఆటనూ అతను ఇంతవరకు చూడలేదు.

తెరమీద పేరున్న ఆటగాడొకడు బంతి పట్టుకుని నిలబడ్డాడు. కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే కాలు పైకెత్తి, బూటు అడుగును అరచేత్తో తుడుచుకున్నాడు.

ముందు ఎడమ. తర్వాత కుడి.

షావుకారు జట్టు మార్చాడు. వేరే ముఖం, వేరే రంగు చొక్కా. ముందు ఎడమ, తర్వాత కుడి.

ఇంకో జట్టు. ఇంకొకడు. అదే అరచెయ్యి.

"ఏమండీ, ఏమైంది?" అంది భార్య.

షావుకారు బటన్ నొక్కాడు. ఆటగాడు నాలుగంగల్లో పరిగెత్తి నేల వదిలాడు. గాలిలో ఎంతసేపున్నాడంటే, ఆమె చేతిలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి లేచి వచ్చింది.

"అబ్బ," అంది మెల్లగా. "ఎవరండీ ఆయన?"

షావుకారు డబ్బా వెనక చూశాడు. జట్లు ముప్పై, ఆటగాళ్లు నాలుగు వందల పైచిలుకు అని ఉంది. లోపలి చిన్న పుస్తకంలో అందరి పేర్లూ ఉన్నాయి. ఆయన పేరు లేదు.

ముఖాలు నాలుగు వందలు, కాళ్లు రెండే. ఆ రెండింటినీ వచ్చే వారం చూద్దామని గుమ్మంలోంచే తిప్పి పంపింది తనే.