బుద్రు తిన్న కూర

కొండ మీద సంతలో ఖైదీల పెట్టె ఉంది. పేరు చెబితే చాలు, ఎవరు ఏ జైల్లో ఉన్నారో, మధ్యాహ్నం ఏ కూర తిన్నారో కూడా చెబుతుంది. దొయిమతి రెండేళ్లుగా ప్రతి సంతకూ వచ్చి మొగుడి సంగతి అడిగేది. అక్కడ అతనికి గుమ్మడికాయ పెట్టారంటే, సంతలో గుమ్మడికాయే కొని రాత్రికి వండుకునేది. ఇద్దరూ ఒకే బంతిలో కూర్చున్నట్టు ఉండేది.

ఈ శుక్రవారం కూడా చెప్పులు విప్పి, మొగుడి పేరు కాబట్టి గొంతు తగ్గించి అడిగింది.

"కిల్లో బుద్రు. నేడు ఏటి తిన్నాడు?"

"ఆయన ఆరు రోజుల కిందట విడుదలయ్యారమ్మా."

"మరి ఎక్కడున్నాడు?"

"బయట ఉన్నవారి వివరాలు నా దగ్గర ఉండవు."

వెనక నిలబడ్డ పొరుగింటి సుకురమ్మ సంబరపడింది. "వొదిలీసినారంటే మంచిదే కదేటి, వొదినా!"

"మంచిదే," అంది దొయిమతి. జైలు నుంచి ఊరికి ఒక్క పూట ప్రయాణం.

ఆమె కూరగాయల గుట్టల ముందు చాలాసేపు నిలబడింది. "ఏటి తూయమంటావమ్మా?" అని కొట్టువాడు మూడుసార్లు అడిగాడు.