పెనం మీద నీటిబొట్టు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. మధ్యగదిలో సోఫాలో కాళ్ళు ముడుచుకుని నానమ్మ. వంటింట్లో, ఈమధ్యే గరిటె పట్టడం నేర్చుకుంటున్న నాన్న. ముందుగదిలో కంప్యూటర్ ఎదుట గోళ్ళు కొరుక్కుంటూ చిన్ని. ఇక అమ్మ ఫలానా గదిలో ఉందని చెప్పలేం. గదులన్నింట్లోనూ ఆవిడ గొంతే.

"చిన్నీ, ఆ జుట్టు సరిచేసుకో. దయ్యంలా ఉన్నావు."

"వాళ్ళు చూసేది జుట్టు కాదమ్మా, ఫిజిక్సు."

"జుట్టు కూడా కనపడుతుందిగా!"

ఇవాళ ఒక పెద్ద లేబొరేటరీ వాళ్ళతో కంప్యూటర్ మీద ఇంటర్వ్యూ. వాళ్ళు ఏటా వేసవిలో కొన్ని జట్లని పిలిచి పరిశోధన చేయిస్తారు. జట్టుకి ఒక లెక్చరరు, ఒక డిగ్రీ విద్యార్థి. తీసుకుంటే ఇద్దర్నీ తీసుకుంటారు, వద్దంటే ఇద్దర్నీ వద్దంటారు. చిన్ని జట్టు సంగతి విని కాలేజీ అంతా పడీపడీ నవ్వింది. అయినా ఇంటర్వ్యూ దాకా వచ్చింది. ఇప్పుడు చెడితే మళ్ళీ ఆ నవ్విన మొహాల మధ్యకే వెళ్ళాలి.

ప్రయోగం మాత్రం ఇంట్లోనే జరిగింది. బాగా కాలిన పెనం మీద నీటిబొట్టు వేస్తే చుయ్‌మని ఇగిరిపోకుండా గోలీలా దొర్లుతుంది. కింద పలచటి ఆవిరి పొర దాన్ని మోస్తుందని పుస్తకాల్లో ఉంది. మరి గరుకు పెనం మీదా అలాగే దొర్లుతుందా? అదీ ప్రశ్న. ఆ ప్రశ్నకి ఇంట్లో ఉన్న పెనాలన్నీ బలైపోయాయి.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. వాళ్ళు అడక్కుండా నోరు తెరవకు."

"నేనేం మాట్లాడతాను? మూగదానిలా కూర్చుంటా," అంటూ అమ్మ కుర్చీ ఈడ్చుకొచ్చి పక్కనే కూలబడింది.

మధ్యగదిలోంచి నానమ్మ కిసుక్కున నవ్వింది. "నువ్వా, మూగదానివా? పిల్లని కాస్త మాట్లాడనివ్వు తల్లీ!"

తెర వెలిగింది. కళ్ళద్దాల శాస్త్రవేత్త ఒకావిడ, ఆమె పక్కన బట్టతల ఆయన ఒకరు. నమస్కారాలయ్యాయి.

"గరుకు పెనం మీద బొట్టు ఎప్పుడు దొర్లడం మొదలెట్టింది?" కళ్ళద్దాలావిడ అడిగింది.

చిన్ని నోరు తెరిచింది. అమ్మ అందుకుంది.

"నున్నటి పెనం కన్నా బాగా ఎక్కువ వేడెక్కాలండీ. ఎంత అంటే మాత్రం ఒట్టేసి చెప్పలేం. మా థర్మామీటరు పెనానికి సరిగ్గా ఆనలేదు. ఒక్కోసారి ఒక్కోలా చూపించింది."

చిన్ని బల్ల కింద అమ్మ కాలు తొక్కింది. చేసిన పనిలో లోపాన్ని ఎవరైనా తమంతట తామే బయటపెట్టుకుంటారా?

"కాలెందుకే తొక్కుతావు? ఉన్నమాటేగా!" అమ్మ పైకే అనేసింది.

సరిగ్గా అప్పుడే వంటింట్లో ఏదో గిన్నె దభీమని పడింది. "ఏం కాలేదు!" అని నాన్న కేక. బట్టతలాయన నవ్వాపుకోలేక దగ్గాడు. చిన్ని కళ్ళు మూసుకుంది. అయిపోయింది. వేసవీ పోయింది, పరువూ పోయింది.

కళ్ళద్దాలావిడ ఏదో రాసుకుని తలెత్తింది.

"లోపం దాచకుండా చెప్పారు, సంతోషం. ఇక విద్యార్థితో ఒంటరిగా మాట్లాడాలి. జవాబులు సొంతవో, పక్కవాళ్ళు నేర్పించినవో మాకు తెలియాలి కదా. గదిలో ఇంకెవరూ ఉండకూడదు."

చిన్ని బేలగా అమ్మ వంక చూసింది. అమ్మ చటుక్కున లేచి, చిన్నిని కూడా రెక్క పట్టుకుని లేపింది.

"రోజూ మీ క్లాసులో నేను నోర్మూసుకుని కూర్చోవట్లేదా లెక్చరర్ గారూ, కాసేపు తమరు బయట కూర్చోండి," అంటూ కూతుర్ని గుమ్మం దాటించి తలుపు వేసేసింది.