ఎదురుగా పెట్టిన సంతకం

తారల సంతకాలు చాలావరకు ఇప్పుడు యంత్రాల చేతులే పెడుతున్నాయి. వాటిలో తారే ఎదురుగా ఉండి తన చేత్తో పెట్టినవేవో తేల్చి చెప్పడమే నా పని. కాకినాడ నుంచి పేర్రాజు గారు నటి మంజీర ఫొటో తెచ్చారు. దానిమీద "పెద్దిరాజు గారికి ప్రేమతో" అని ఉంది. పేరు తప్పు కనపడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇది అసలుదేనండి. యంత్రమైతే మొహం చూసే పేరు పట్టేస్తుంది, తప్పు రాయదు. ఆవిడ మిమ్మల్ని అడిగే రాసుంటారు."

"అడిగారండి. సరిగ్గా వినపళ్లేదనుకుంటా. నేనూ దిద్దలేదు. ఓ మనిషి నన్ను పేరడిగి ఎన్నాళ్లయిందోనండి!"

సర్టిఫికెట్ అందుకుంటుంటే ఆయన జేబులోంచి ఫోన్ మెత్తగా పిలిచింది.

"పెద్దిరాజు గారూ, మందులేసుకునే వేళయింది."

ఆయన తల దించుకున్నారు.

"ఆవిడ రాసిన రోజు నుంచీ ఇంట్లో మాట్లాడే యంత్రాలన్నింటికీ ఆ పేరే నేర్పానండి."