సైలస్ పించ్‌బెక్ వారసుడు

"మీ తాతగారు సైలస్ పించ్‌బెక్ విషయమై వచ్చానండీ," అంటూ రోవెనా గుమ్మంలోనే తానెవరో చెప్పబోయింది.

క్లిఫర్డ్ చెప్పనిస్తేగా. "తెలుసమ్మా, తెలుసు. వానలో నిలబడ్డారేం, లోపలికి రండి."

పోయినేడు పక్కింటి మార్జరీ దగ్గరికీ ఇలాగే ఎవరో వంశవృక్షం పట్టుకొచ్చారు. ఎన్నడూ చూడని దూరపు చుట్టమెవరో వీలునామా రాయకుండా పోయిందట. మార్జరీ తంతే బూరెల బుట్టలో పడింది. అప్పటినుంచీ క్లిఫర్డ్‌కి కంటిమీద కునుకు లేదు. డెబ్బై దాటినా ఆశ చావదు కదా.

రోవెనా వంటగది బల్లమీద పెద్ద కాగితం పరిచింది. పైన సైలస్ పేరు. లింకన్‌షైర్ చిత్తడి నేలల్లో కాలువలు తవ్వి బతికిన మనిషి. బాప్తిస్మం, పెళ్లి, జనాభా లెక్కల్లో రెండు గదుల ఇల్లు, ముగ్గురు కొడుకులు. పాత రికార్డులు తిరగేసి అంతా ఏరి తెచ్చింది. క్లిఫర్డ్ చిన్నతనంలోనే పోయిన అతని నాన్న, చిన్నాన్నల పేర్లు అప్పటికే కొట్టేసి ఉన్నాయి.

"ఈయన కోసం ఏడాది తిరిగాను. ఈ వంశంలో మగవాళ్ళ సంగతి తేలితే చాలు."

తన చెల్లెలి కూతుళ్ళకు వాటా లేదన్నమాట. క్లిఫర్డ్ లోలోపల మురిసిపోయాడు.

"మీ పెదనాన్న జేబెజ్?"

"యుద్ధంలో పోయాడు. పెళ్లే కాలేదు."

ఆమె ఆ పేరు కొట్టేసింది. ముఖంలో నవ్వు లేదు.

"మీ అన్న సెసిల్?"

"తొమ్మిదేళ్ళకే పోయాడు. ఊపిరితిత్తుల జబ్బు." ఆ గొంతులో దుఃఖం కంటే తొందరే ఎక్కువ.

"మీ చిన్నాన్న కొడుకు వాల్టర్ మరణం మాత్రం ఎక్కడా దొరకలేదు. బతికుంటే మీరిద్దరవుతారు."

క్లిఫర్డ్ కుర్చీలోంచి లేచాడు. గబగబా అటకెక్కి పాత పత్రిక ముక్క ఒకటి వెతికి తెచ్చాడు. 1978లో గ్రిమ్స్‌బీ చేపల పడవ మునిగి అందరూ పోయిన వార్త. అందులో వాల్టర్ పేరుంది.

"శవం దొరకలేదు, అంతే. పిల్లాజెల్లా ఎవరూ లేరు."

మరో గీత పడింది. ఇప్పుడు కాగితం మీద ఒక్క పేరే మిగిలింది.

"చాటుగా పుట్టినవాళ్ళెవరైనా? బాగా ఆలోచించి చెప్పండి. మీ మాట మీదే చాలా ఆధారపడి ఉంది."

"మా నాన్నగానీ తాతగానీ ఇల్లూ ప్రార్థన మందిరమూ తప్ప వేరే గడప తొక్కి ఎరగరు తల్లీ. సైలస్ రక్తం ఈ భూమ్మీద మిగిలింది నా ఒంట్లోనే. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతా."

పెట్టాడు కూడా. రోవెనా టీ ముట్టలేదు. కప్పు అలాగే చల్లారిపోయింది.

క్లిఫర్డ్ ఇక ఆగలేక ముందుకు వంగాడు. "ఇంతకీ పోయిందెవరమ్మా?"

"1984లో మీ ఊరి కాలువలో శవమై తేలిన పంతొమ్మిదేళ్ళ బ్రెండా," అంది డిటెక్టివ్ రోవెనా, "ఆ పిల్ల గోళ్ళలో దొరికిన రక్తం సైలస్ వంశపు మగవాడిది."