మరి నీకు?

"ఈ ప్రోటీన్ పొడి డబ్బా మీద వస్తాదుని చూశావా? ఇదే తీసుకుందాం," అన్నాడు కొత్తగా జిమ్‌లో చేరిన భర్త.

ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగి నేరుగా సూపర్ మార్కెట్‌కి వచ్చిన భార్య ఆ డబ్బాని తిప్పి చూసింది.

"బొమ్మ కాదండీ, వెనక రాసింది చదవాలి. ఇందులో ప్రోటీన్ కంటే పంచదారే ఎక్కువ. తాగితే పెరిగేది కండలు కాదు, బొజ్జ."

"పోనీలే, ఉన్న బొజ్జకి తోడు దొరుకుతుంది!"

ఆమె నవ్వి, పల్లీలూ బాదంపప్పూ వేసిన బార్ ఒకటి అందించింది. "ఇది తినండి. భోజనం మానేసి మాత్రం కాదు సుమా!"

"మరి నీకు?"

"నాకెందుకు? నేనేమైనా బరువులెత్తుతున్నానా?"

"పొద్దస్తమానం రోగుల్ని లేపి కూర్చోబెట్టేది ఎవరు? మధ్యాహ్నం ఏం తిన్నావు?"

"టీ తాగాను."

"నిన్న?"

"నిన్న టీకి కూడా తీరలేదు."

అతను అలాంటివే మరికొన్ని బార్లు తీసి బుట్టలో వేశాడు. "ఇవి నీ డ్యూటీ బ్యాగులోకి. రేపట్నుంచి క్యారేజీ కూడా నేనే కడతాను."

బిల్లు కట్టి బయటికి రాగానే ఆమె ఒక బార్ విప్పి కొరికింది. రెండు ముక్కలు తిని, ఆశ్చర్యంగా భర్త వైపు చూసింది.

"ఏమండీ, నాకింత ఆకలేస్తోందా!"