డి వ్రీస్ ఇంటిపేరు

“ఓడలో లోకం చుట్టొచ్చిన డి వ్రీస్ మావాడేనా?” రొప్పుతూ అడిగాడు డౌవె డి వ్రీస్. ట్రామ్ నడిపి రిటైరయ్యాడు. లైడెన్ ఊళ్లో పాత రికార్డుల ఆఫీసు మెట్లెక్కడం ఇది ఆరోసారి.

“కాదండీ,” అంది గుమాస్తా ఫెమ్కె.

“పోనీ, మొక్కల శాస్త్రవేత్త? ఆ పురాణాల పండితుడు?”

“వాళ్లూ కాదు. డి వ్రీస్ అంటే ఫ్రీస్‌లాండ్ వాడని అర్థం. ఆ ప్రాంతం నుంచి వచ్చిన చాలామందికి అదే ఇంటిపేరండీ.”

“మాది గొప్ప వంశమని పోయేదాకా చెప్పింది మా అమ్మ.” కుర్చీలో కూలబడ్డాడు.

ఫెమ్కె పాత రిజిస్టరు ముందుకు జరిపింది. “మీ ముత్తాత తండ్రి, వీబె. పొయ్యిలో బొగ్గులా మండే బురదమట్టి పెళ్లలు తవ్వే కూలీ. అందరూ ఇంటిపేరు రాయించుకోవాలని సర్కారు ఆజ్ఞ వచ్చినప్పుడు సంతకం రాక ఇలా పెట్టాడు.”

వంకర ఇంటూ గుర్తు. కలం నొక్కిన చోట కాగితం చిరిగింది.

డౌవె ఆ చిరుగు మీద వేలితో మెల్లగా తడిమాడు.

“వాళ్ల సంగతి వదిలెయ్ అమ్మాయ్. ఈయన గురించి ఇంకేమన్నా ఉందేమో చూడు.”